ముక్కు ఒక ప్రజాసమస్య

"ఈ ఎన్నికల్లో వ్యక్తిగత దూషణలకు మేం దూరం. ప్రజాసమస్యల మీదే మా పోరాటం!" అని మంత్రిగారు గుండె మీద చెయ్యేసుకుని విలేకరుల ముందు ప్రకటించారు. ఆయనకు ఉపన్యాసాలు రాసిపెట్టే భాగ్యం నాది. ఆ వాక్యం నేను రాసిందే అయినా నా కళ్లు చెమర్చాయి.

ఆయన మీద పోటీకి దిగింది ఓ లెక్కల టీచరు. కుళాయిల్లో నీళ్లెందుకు రావడం లేదని ఇంటింటికీ తిరిగి మాట్లాడుతోంది. మర్నాడు మంత్రిగారి సభలో ముందు వరుసలోంచి ఓ ముసలామె లేచింది.

"బాబూ, మా వీధికి నీళ్లు..."

నేను రాసిచ్చిన కాగితంలో నీళ్ల ప్రస్తావనే లేదు. అయినా మంత్రిగారు తడుముకోలేదు.

"నిన్ను పంపింది ఆ టీచరమ్మేగా? ఆవిడ ముక్కు చూశావా అవ్వా? ముందు ముక్కొస్తుంది, పావుగంటకి మనిషొస్తుంది!"

సభ పగలబడి నవ్వింది. ముసలామె కూడా నవ్వి కూర్చుంది. ఒక్క మాటతో ఒక వీధి దాహం తీర్చిన నాయకుణ్ణి నేను అంతకుముందు చూసి ఎరగను.

అప్పట్నుంచి టీచరు సభలకు జనం పలచబడ్డారు. ఆవిడ పార్టీ పెద్దలు కూర్చోబెట్టి హితవు చెప్పారట. ఆవిడ కూడా చదువుకున్న మనిషే, త్వరగానే గ్రహించింది.

"మీ నీళ్లన్నీ ఎటు పోయాయనా? మంత్రిగారి పొట్ట చూడండి, ట్యాంకు నిండుగా ఉంది!"

ఈలలు పడ్డాయి. జనం తిరిగొచ్చారు. ఆవిడ ఇక పొట్టను వదల్లేదు, నీళ్లను మాత్రం వదిలేసింది. టీవీలో 'ముక్కా? పొట్టా?' అని చర్చ పెట్టారు. ముక్కుల డాక్టరూ పొట్టల డాక్టరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి బట్టతలను ఒకరు తిట్టుకున్నారు.

ఓ ఉదయం కొత్త ఉపన్యాసం పట్టుకుని మంత్రిగారింటికి వెళ్లాను. ఆయన టిఫిను చేస్తున్నారు.

"పిల్ల కాలేజీకి వెళ్లనంటోందండీ," అంది ఆయన భార్య.

"ఏం, ఏమైంది?"

"మీ జోకు దాని మొహం మీదే చెప్పి నవ్వుతున్నారట."

"అయితే మన జోకు కాలేజీల దాకా వెళ్లిందన్నమాట!" అని ఆయన నా వైపు గర్వంగా చూశారు.

"మీకెలా చెప్పాలి? దానిది అచ్చం మీ అమ్మగారి ముక్కు. ఆ టీచరమ్మ ముక్కుకీ దీనికీ తేడా ఏముంది?"

అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. "నేను కూడా పావుగంట తర్వాత వస్తానా నాన్నా?" అంది.

"పిచ్చితల్లీ, నువ్వు పోటీ చెయ్యట్లేదుగా!" అని మంత్రిగారు ఆప్యాయంగా ధైర్యం చెప్పారు.

అంతటి ఓదార్పు ముందు ఏ కూతురైనా ఏమంటుంది? గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మంత్రిగారు బొటాబొటి మెజారిటీతో గెలిచారు. టీచరుకు పడ్డ ఓట్లు ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. వెంటనే ఆవిడకు కబురు పంపారు. తన పార్టీలో చేరితే నీటి సరఫరా బోర్డు అధ్యక్ష పదవి అనేసరికి ఆవిడ సిద్ధాంతాలు కూడా మెత్తబడ్డాయి. చేరిక సభకు నేను శ్రద్ధగా కొత్త వాక్యాలు రాశాను.

"ఇది ముక్కు కాదు, ఈ నియోజకవర్గపు ఆత్మగౌరవం! ఇలాంటి ముక్కు ఇంటికొకటి ఉండాలి!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

"మంత్రిగారిది పొట్ట కాదు. అంత పెద్ద మనసు గుండెలో పట్టక కిందికి జారింది," అంది టీచరు. చప్పట్లు మళ్లీ మోగాయి.

అప్పుడే మంత్రిగారి భార్య కూతుర్ని పట్టుకుని నెమ్మదిగా వేదిక ఎక్కింది. అమ్మాయి ముక్కు మీద తెల్లటి కట్టు. కళ్ల కింద నీలంగా వాచిపోయింది.

"ఆపరేషన్ చేయించుకున్నాను నాన్నా," అంది. "ఇప్పుడిక చిన్నగా ఉంటుందట."

టీచరు చెయ్యి తన ముక్కు మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

మంత్రిగారు కూతురి మొహాన్ని కాసేపు చూశారు.

"అయ్యో, ఒక్క వారం ఆగలేకపోయావా తల్లీ!" అన్నారు.

ఫొటోగ్రాఫరు అందర్నీ కాస్త దగ్గరగా జరగమన్నాడు.