చుక్కమ్మ కోసం చోడి బిస్కెట్లు

ఆ శనివారం పొద్దున్న సువర్ణమ్మ పెట్టుకున్న పని మహా అయితే గంటన్నరది. రెండు పళ్ళాల బిస్కెట్ల పిండి కలిపి గంగులు రొట్టెల బట్టీకి పంపాలి. పెద్ద పళ్ళెంలోవి మైదా, పంచదార, డాల్డా వేసినవి. అవి సాయంత్రం కూడికకు వచ్చే చర్చి సంఘంవాళ్ళకు. చిన్న పళ్ళెంలోవి చోడిపిండివి, అదే రాగిపిండివి, అవి చుక్కమ్మకు. చుక్కమ్మ వాళ్ళ కుక్క.

కూడిక అంటే కృతజ్ఞత కూడిక. సువర్ణమ్మ పెనిమిటి ప్రేమరాజు నర్సీపట్నం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నెల కిందట బలిఘట్టంలో ఎవరిదో గేదెకు సూదిమందు వేసి వస్తూ, జోరువానలో సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. కాలు విరిగింది, తెలివి తప్పింది. వెనకాలే పరిగెత్తుకొస్తున్న చుక్కమ్మ రోడ్డుకు అడ్డంగా నిలబడి, ఒక చెరకు బండి ఆగేదాకా మొరిగింది. బండివాడు తిట్టాడు, చెర్నాకోల ఝళిపించాడు. అది కదిలితేనా! చివరికి వాడు దిగి కాలవలోకి తొంగిచూశాడు. ప్రేమరాజు బతికాడు.

ఆయన మంచం మీద లేచి కూర్చునే వేళకు, ఆ వానలో తడిసినందుకు చుక్కమ్మ జబ్బుపడింది. గంజి పోస్తే మొహం తిప్పుకునేది. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు.

"ఉప్పొద్దు, పంసదారొద్దు, నూనొద్దు. ఉల్లిపాయైతే దాని దరికే రానీకు," అని ప్రేమరాజు కట్టుకట్టిన కాలుతోనే వైద్యం చెప్పాడు.

సువర్ణమ్మ చోడిపిండిలో ఉడికిన గుమ్మడికాయ మెదిపి, ఒక గుడ్డు కొట్టి, వాసనకని ఎండు నెత్తళ్ళ చేపలు వేయించి దంచిన పొడి కలిపి, పెనం మీద నాలుగు బిళ్ళలు కాల్చిచూసింది. చుక్కమ్మ నాలుగూ తినేసి పెనం వైపు చూసింది. ఆ చూపు చూసి సువర్ణమ్మ పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. మనిషిని బతికించిన జీవానికి ఒక పళ్ళెం బిస్కెట్లు పెద్ద బదులేమీ కాదు.

కానీ సాయంత్రం తర్వాత చుక్కమ్మ ఆ ఇంట్లో ఉంటుందో లేదో తెలియదు. వాళ్ళుండేది మిషను కాంపౌండు ఇళ్ళల్లో. ఆ ఇళ్ళ పెత్తనం జీవరాజు మాస్టారిది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, సంఘానికి కార్యదర్శి, భార్యపోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. గుడిలో పాట ఎత్తుకోగానే చుక్కమ్మ ఇంటి దగ్గర నుంచి గొంతు కలుపుతుందని ఆయనకు మంట.

"శనివారం మీ కూడికకు వస్తాను. ప్రార్థన అయ్యాక కుక్క సంగతి తేల్చేస్తాను. కాంపౌండులో పాటైనా ఉండాలి, అదైనా ఉండాలి," అని ముందే చెప్పిపెట్టారు.

ఆ రోజుల్లో ఆ కాంపౌండులో ఎవరింటా ఓవెను లేదు. పండగొచ్చినా పబ్బమొచ్చినా క్రైస్తవుల ఇళ్ళ పళ్ళాలన్నీ గంగులు బట్టీకే వెళ్ళేవి. వేరేవాళ్ళ వాటితో కలిసిపోకుండా పచ్చి పిండి మీద చాకుతో సిలువ గీసి పంపడం ఆనవాయితీ. సువర్ణమ్మ పెద్ద పళ్ళెంలోని వాటికి గీసింది. కుక్క తినేదాని మీద సిలువేమిటని చిన్న పళ్ళెం వదిలేసింది. యలమంచిలి నుంచి వచ్చిన ఆడబిడ్డ ధనమ్మకు అప్పగింతలు కూడా పెట్టింది.

"వదినా, నాను గుడికెళ్ళి బెంచీలు, గ్లాసులు తెచ్చుకోవాల. బట్టీనుంచి బుట్టొత్తాది. గురుతున్నవి సుట్టాలకి. గురుతు లేనివి చుక్కమ్మకి, అవి ఇవతలెట్టు."

"అంతమాత్రం తెలీదేటే నాకు? నువ్వు బేగి ఎల్లిరా," అంది ధనమ్మ.

అక్కడ బట్టీ దగ్గర గంగులు చిన్న పళ్ళెం చూసి నొచ్చుకున్నాడు. అతను కొలిచే దేవుడు వేరేగానీ, ఎవరి దేవుడి విషయంలోనైనా పొరపాటు జరగనిచ్చే మనిషి కాదు.

"అయ్యో, ఆయమ్మ కంగారులో మర్సిపోనాది. మొగుడు బతికినాడని సేసుకుంతన్న పండగ. గురుతు లేకపోతే ఎలాగ?"

చేతులు కడుక్కున్నాడు. కొత్త చాకు తీశాడు. ముప్ఫై చోడి బిళ్ళల మీదా ముప్ఫై సిలువలు గీశాడు. సువర్ణమ్మ గీసినవాటికన్నా అవే తిన్నగా వచ్చాయి. కాల్చి, బుట్టలో సర్ది, తనే సైకిలు మీద తెచ్చి ధనమ్మ చేతికిచ్చి వెళ్ళాడు.

ధనమ్మ ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసింది. గుర్తులేనిది ఒక్కటీ కనబడలేదు. కుక్కవి కాల్చడం మరిచిపోయారు కాబోలనుకుని, కంచాల్లో ఒక తెల్లది ఒక నల్లది చొప్పున ముగ్గుపెట్టినంత అందంగా పేర్చి, పైన ఇస్త్రీగుడ్డలు కప్పింది.

బెంచీల పని తెమిలి సువర్ణమ్మ తిరిగొచ్చేసరికి సాయంత్రమై జనం వచ్చేశారు. పాట, బైబిలు వాక్యం, ప్రార్థన అన్నీ అయ్యాక ధనమ్మ గుడ్డలు తీసింది. నల్లటి బిస్కెట్ల మీద తిన్నని సిలువలు చూసి సువర్ణమ్మ ధనమ్మ పక్కకు ఉరికింది.

"వదినా! నల్లవెందుకెట్టినావు? అవి చుక్కమ్మవి!" అంది చెవిలో.

"గురుతుంది గదే?"

"ఉంటే?"

"సిలువెట్టినదాన్ని కుక్కకి ఎవులేత్తారే?"

సువర్ణమ్మ కంచం లాక్కుందామని పరిగెత్తింది. అప్పటికే అది జీవరాజు మాస్టారి ముందుంది. ఆయన వేళ్ళు నల్లదాని మీదున్నాయి.

"అవొద్దండి మాస్టారూ, తెల్లవి తీసుకోండి!"

మాస్టారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. "తెల్లవాటిలో పంచదార ఉందా?"

"ఉందండి."

"నల్లవాటిలో?"

"లేదండి."

"నూనె?"

"లేదండి."

"ఉప్పు?"

"చిటికెడు కూడా లేదండి. అందుకేనండి వద్దంటన్నాను..."

మాస్టారు ఒకటి తిన్నారు. తర్వాత ఇంకొకటి తిన్నారు. నాలుగు జుబ్బా జేబులో వేసుకుని లేచి నిలబడ్డారు. కుక్క తీర్పు వచ్చేసిందనుకుని మంచం మీద ప్రేమరాజు కళ్ళు మూసుకున్నాడు.

"నాకు సుగరు. మా ఆవిడ పోయి రెండేళ్ళయింది," అన్నారు మాస్టారు. "ఏ ఇంటికెళ్ళినా, ఒక్కటి తింటే ఏం కాదులెండి మాస్టారూ అంటారు. వద్దంటే ముఖం ముడుచుకుంటారు. టీ నీళ్ళు తాగి ఇంటికొచ్చి పడుకుంటాను. నా జబ్బు గుర్తుంచుకుని, విడిగా కలిపి, విడిగా కాల్పించి పెట్టిన ఇల్లు ఇదొక్కటే."

"మీకోసమని కాదండి..." అంది సువర్ణమ్మ, నిజం చెప్పేద్దామని.

"చూశారా? చేసినదాన్ని చెప్పుకోవడం కూడా ఇష్టం లేదు," అన్నారు మాస్టారు.

పాస్టరుగారు "ఆమేన్" అన్నారు. దాంతో ఊరుకుంటే బాగుండేది. ఆయన తనూ ఒక నల్లది కొరికి, "ఇందులో ఏదో కమ్మటి దినుసుంది సుమండీ, ఏమిటమ్మా అది?" అన్నారు. అందరూ నల్లవాటికే చేతులు చాచారు. తెల్లవి కంచాల్లో దిక్కులేకుండా మిగిలాయి. ఒకావిడ క్రిస్మసుకి మూడు డజన్లు కావాలంది. మూలనున్న ముసలమ్మ, పళ్ళు లేకపోయినా, టీలో ముంచుకుని చప్పరిస్తూ, "నెత్తళ్ళ కూరలా బాగుందర్రా," అంది. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్న ప్రాణి పెరట్లో ఉంది. చుక్కమ్మ తాడు తెంపుకుని, జనం కాళ్ళ మధ్యనుంచి దూరి, తిన్నగా జీవరాజు మాస్టారి ముందుకొచ్చి ముందుకాళ్ళు చాపి కూర్చుంది. మాస్టారు దాని వైపు చూశారు. అది రెప్ప వేయకుండా ఆయన వైపు చూసింది. సరిగ్గా చెప్పాలంటే ఆయన జేబు వైపు చూసింది.

పాస్టరుగారు కంగారుగా ముగింపు పాట ఎత్తుకున్నారు. నాలుగు చరణాలు పాడినా చుక్కమ్మ నోరు విప్పలేదు. దాని ధ్యాసంతా ఒక్క చోటే ఉంది.

"పాటకి అరవలేదు," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "తప్పు తెలుసుకుని వచ్చినట్టుంది." వంగి దాని తల మీద చెయ్యివేశారు. "నీ ప్రాణం నిలబెట్టినదాన్నేనా ప్రేమరాజూ, నేను గెంటెయ్యమన్నది? నన్ను క్షమించు." జేబులోంచి ఒకటి తీసి దానికి పెట్టారు. "చూడు, ఎంత మర్యాదగా తింటోందో!"

సువర్ణమ్మ ఏడ్చింది. సంఘంవాళ్ళు అది సంతోషమనుకున్నారు. సగం నిజమే.

ఆ మిగతా సగమే సోమవారం పొద్దున్న ఆమెను మాస్టారింటికి నడిపించింది. "కుక్కని ఉంచినారు, చాలు గదే. నోరు మూసుకుందూ," అని ధనమ్మ చెప్పినా వినలేదు. మాస్టారి గుమ్మంలో నిలబడి, గుమ్మడికాయ దగ్గర మొదలెట్టి, నెత్తళ్ళ పొడి, గంగులు చాకు, చుక్కమ్మ చూపు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పేసింది.

"మీకు ఆ తినుబండారం పెట్టిన పాపం నాదేనండి. కుక్కని పంపేయమంటే పంపేత్తాను," అని తలొంచుకుంది.

మాస్టారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు.

"శనివారం రాత్రి మూడు, నిన్న పొద్దున్న ఇంకొకటి," అన్నారు. "నేను వచ్చేటప్పుడు మీ ధనమ్మ పొట్లం కట్టిచ్చింది, నీకు తెలియదు. రెండేళ్ళలో కడుపునిండా తిన్నది ఆ రెండు రోజులే. ఎవరికోసం చేస్తేనేం తల్లీ? ఒంట్లో బాగోలేని ప్రాణి కోసం చేశావు. ఈ కాంపౌండులో అలాంటివి రెండున్నాయి." లోపలికెళ్ళి ఖాళీ డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "ఈసారి పళ్ళెం కొంచెం పెద్దది పంపు. నెత్తళ్ళు తగ్గించకు."

ఆ వారం సంఘం మినిట్సు పుస్తకంలో జీవరాజు మాస్టారి గుండ్రటి దస్తూరీతో ఒక తీర్మానం నమోదైంది: "ప్రేమరాజుగారి కుక్క విషయమై విచారించడమైనది, దాని ఆహారాన్ని కార్యదర్శి స్వయముగా పరీక్షించి, సంతృప్తి చెందియున్నారు."