ఫోనుకు తెలియని సంగటి

ఇకమీదట ఫోను అనుమతించిన ఆహారం మాత్రమే తీసుకోబడునని మా అమ్మాయి క్రిస్టినా పోయిన ఎండాకాలం ఇంట్లో ప్రకటించింది. విందుకు పిలిచే బద్వేలు బంధువులు ముందుగా ఫోనును సంప్రదించవలెను.

ఆ ఫోనులో ఒక డైటు ఉండాది. తిన్నది దాంట్లో నొక్కితే ఇన్ని కాలరీలని అంకె వేస్తుంది. అంకె ఆకుపచ్చగా ఉంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటాం. ఎర్రబడితే పాప, అదే మా క్రిస్టినా, ఏడుస్తుంది. పొద్దున డబ్బాలోని పొడి నీళ్లలో కలిపి తాగడం, మధ్యాహ్నం నాలుగు కీరా ముక్కలు, సాయంత్రం ప్యాకెట్టు బిస్కత్తు ఒకటి. చేసినవాడి పేరు, ఊరు, గడువు తేదీ అన్నీ అచ్చేసిన తిండి. ఎంత పద్ధతి.

రెండు నెలలకు దువ్వెన నిండా వెంట్రుకలే. ఒక ఆదివారం చర్చిలో పాట మధ్యలో కూలబడింది. ఆరాధనలో లీనమైందని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం సమాధుల తోటలో జాగా ఉందో లేదో చూసి రమ్మని మా ఆయన శాంతయ్యకు చెప్పినాను. ఆయన పోలేదు. మగవాళ్లకు ముందుచూపు తక్కువ.

ఆ సాయంత్రం రాగిసంగటి కెలికి, శెనక్కాయల పచ్చడి నూరి, పాప ముందర పెట్టినాను. పాప ఫోనులో వెదికింది. అన్ని దేశాల తిండ్లూ ఉన్నాయి, సంగటి లేదు.

"ఇది దీంట్లో లేదు మా," అనింది.

"ఇంకేం పాపా. తిన్నా తిన్నట్టు కాదు."

డిగ్రీ చదివిన పిల్ల కాబట్టి నా మాటలో తప్పు కనబడలేదు. ఒక ముద్ద తినింది. అంకె కదల్లేదు. ఇంకో ముద్ద తినింది.

అప్పటినుంచి జొన్నరొట్టె, కొర్రన్నం, అలసంద గుగ్గిళ్లు, ఫోనుకు తెలియనివన్నీ మా ఇంట్లో తినకుండానే తినడం జరిగింది. మూడు నెలల్లో పాపకు బుగ్గలొచ్చినాయి. పాట చివరిదాకా పాడింది. నాలుగు కీరా ముక్కలతో ఇంత ఆరోగ్యం సాధించినందుకు డైటువాళ్లు కడపకు పిలిచి శాలువా కప్పినారు. వాళ్ల పెద్ద ఓబుళేశుగారు, "తినకపోవడం ఒక మహాశాస్త్రం. ఈ అమ్మాయి దానికి నిలువెత్తు రుజువు," అని సెలవిచ్చినారు. అక్కడికక్కడే నలభై మంది డైటులో చేరినారు.

తర్వాత జరిగింది నా పెంపకంలోని లోపం. అబద్ధమాడరాదని చిన్నప్పుడు నేర్పినాను. పాప మైకు అందుకుని సంగటి, రొట్టె, కొర్రన్నం, గుగ్గిళ్లు అని పేరుపేరునా చెప్పి, మా అమ్మ చేసిందని దండం పెట్టింది. ఓబుళేశుగారు అన్నీ శ్రద్ధగా రాసుకున్నారు.

సోమవారానికల్లా సంగటి ఫోనులోకి ఎక్కింది. ఫోటో కూడా వేసినారు. ముద్దకు ఎర్ర అంకె. పాప పళ్లెం పక్కకు జరిపి పొడి డబ్బా మూత తీసింది.

దువ్వెనకు మళ్లీ వెంట్రుకలు వస్తాండాయి. ఫోను చెవిన ఇంకా పడని తిండి ఏదైనా మీకు తెలిస్తే నాకు చెప్పండి. చెప్పేముందు మీ చేతిలోని ఫోను పక్కగదిలో పెట్టి రండి. పెట్టలేరని తెలుసు. మీకు ఆకలవుతాందో లేదో చెప్పాల్సింది అదే కదా.