బోటు దొరికింది

భర్త స్నేహితుడు ముజమ్మిల్ ఫోను వచ్చేసరికి సుస్మిత పెరట్లో నిలబడి, గాలానికి గోధుమపిండి ముద్ద గుచ్చడం సాధన చేస్తోంది.

"వదినా, హౌస్‌బోటు దొరికింది. రేపు పంద్రాగస్టు పొద్దుగూకేదాకా మనదే."

సుస్మిత ఎగిరి గంతేసింది. గాలం చీరకు తగులుకుంది. అయినా ఆమె సంతోషానికి కారణం ఉంది. పుట్టింది ప్రొద్దుటూర్లో, మెట్టింది జమ్మలమడుగులో. బస్సెక్కి కునుకు తీసేలోగా దిగాల్సి వచ్చేంత దూరం. కానీ ఆమె మాటల్లో ఆ రెండు ఊళ్ల మధ్య ఒక సముద్రం ఉంటుంది. "మా ప్రొద్దుటూర్లో అయితేనా..." అని మొదలుపెట్టిందంటే దోసె దగ్గర నుంచి దోమ దాకా అన్నీ అక్కడివే మేలు.

వినీ వినీ భర్త ప్రేమ్ సాగర్ ఒక పందెం కాశాడు. "డ్యాములో నువ్వు ఒక్క చేప పట్టు. ప్రతి శనివారం నిన్ను ప్రొద్దుటూరు తీసకపోతా. పట్టకపోతే మాత్రం ఆ మాట ఈ ఇంట్లో ఇంక వినపడగూడదు."

ఆ మాట లేకపోతే సుస్మితకు ఉప్మాను విమర్శించడం కూడా రాదు. అందుకే ప్రాణం పెట్టి పిండి కలుపుతోంది.

"అత్తా, హౌస్‌బోటు దొరికిందంట," అంటూ వంటింట్లోకి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే కుక్కర్ కూసింది. ఆ కూత హౌసును ఎగరేసుకుపోయి, బోటును బోటిగా మార్చి నిర్మలమ్మ చెవిలో వేసింది.

బోటి అంటే మేక పేగుల కూర. నిర్మలమ్మ చేతి బోటికి వాళ్ల చర్చి మొత్తంలో పేరుంది. కొత్త కోడలు మాత్రం మొదటిసారి కడుపునొప్పి అని తప్పించుకుంది. రెండోసారి పన్నునొప్పి అంది. ఇంకా అడిగితే పిల్లకు ఏ నొప్పులు వస్తాయోనని నిర్మలమ్మే అడగడం మానేసి, లోలోపల చిన్నబుచ్చుకుంది. అలాంటి కోడలు బోటి దొరికిందని గంతులేస్తుంటే ఆమె కళ్లు చెమర్చాయి. ఆ పూట ఉల్లిపాయలు తరగలేదు కూడా.

"నీకు ఇష్టమేనా మే?"

"శానా ఇష్టం అత్తా. చిన్నప్పటి నుంచి ఆశ."

"ఎంతమందికి వస్తాది?"

"పన్నెండు మందికి సులువుగా సరిపోతాది. మధ్యాన్నానికి మీరూ మామా రాండి."

"యాడికి?"

"డ్యాం కాడికి. అది ఆడనే ఉంటాది, మనమే పోవాల."

"బాగా కడిగినారంటనా? దాంట్లో అసలు పని అదే."

"లోపలా బయటా కడిగినారంట. ఫినాయిల్ ఏసి మరీ."

నిర్మలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఫినాయిలా?"

"వాసన రాకుండా అత్తా. పోయినసారి పోయినోళ్లు వాంతులు చేసుకున్యారంట."

"చేసుకోరా మరి," అంది నిర్మలమ్మ నీరసంగా.

ఇన్నాళ్లకు దోవలోకి వచ్చిన కోడలి మనసు విరిచేయలేకపోయింది. అలాగని చూస్తూ చూస్తూ ఆమె చేత ఫినాయిల్ తినిపించనూ లేకపోయింది. అందుకని మాంసం కొట్టు జమాల్‌కు ఫోను చేసి, రేపటి బోటి అంతా తనకే ఉంచమంది. తర్వాత వేములలో ఉన్న తమ్ముడు దాసయ్యకు చేసింది. "కోడలు మనందరికీ డ్యాం కాడ బోటి పెడతాంది. ఆ పిల్లోళ్లు దాన్ని ఫినాయిల్‌తో కడిగినారంట. నేను వేరే చేసుకోనొస్తా. నువ్వు మాటల్లో పెట్టి ఆ గిన్నె నీళ్లలో కుమ్మరించు."

దాసయ్య ఇలాంటి బాధ్యత కోసం ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న మనిషి. భార్యను, బావమరిదిని కూడా వెంటబెట్టుకుని బయలుదేరాడు.

మర్నాడు శనివారం తెల్లవారగానే సుస్మిత, ప్రేమ్ సాగర్, ముజమ్మిల్, ఇంకో స్నేహితుడు నాగేంద్ర హౌస్‌బోటు ఎక్కారు. పసుపు కర్టెన్లు, ముందువైపు ప్లాస్టిక్ కుర్చీలు, అడుగున నీళ్లు చప్పరించే చప్పుడు. సుస్మితకు కర్టెన్లు ముద్దొచ్చాయి, కుర్చీలు ముద్దొచ్చాయి, నీటి మీద కొంగ కూడా ముద్దొచ్చింది. చేపలు మాత్రం ముఖం చూపించలేదు. గాలం వేసిన ప్రతిసారీ పిండి కరిగిపోయి, వట్టి కొక్కెం తళతళా మెరుస్తూ పైకొచ్చేది.

"వదినా, చేపలకు టిఫిన్ అయిపోయిందంట," అన్నాడు నాగేంద్ర. "కాఫీ అడుగుతాండాయి."

కష్టమేమిటంటే, అందరూ తాను పట్టిన చేపే తినాలని సుస్మిత అన్నం సద్దనివ్వలేదు. తెచ్చిందల్లా నూనె, కారం, ఉల్లిగడ్డలు. మధ్యాహ్నానికి ముజమ్మిల్ ఉల్లిగడ్డకు కారం అద్దుకుని కరకరా నమిలేశాడు. ప్రేమ్ సాగర్ మాత్రం ఆకలి మరిచి, ఇకమీదట తన ఇంట్లో ఉండబోయే నిశ్శబ్దాన్ని తలుచుకుని మురిసిపోతున్నాడు.

అత్తమామల కోసం బోటును గట్టుకు తెచ్చారు. అక్కడ ఆటోలోంచి నిర్మలమ్మ, మామ ప్రభుదాస్, వేముల బృందం దిగారు. వాళ్ల వెనక మూతకు గుడ్డ కట్టిన పెద్ద గిన్నె దిగింది. దాసయ్య అందరికంటే ముందు బోటులోకి దూకి, ఏ గిన్నె కుమ్మరించాలా అని నాలుగు మూలలా వెతికాడు.

"బోటి యాడ రా?"

"దాని మీదనే నిలబడినావు గదా మామా," అన్నాడు ప్రేమ్ సాగర్.

దాసయ్య ఒక కాలెత్తి చూశాడు. తర్వాత రెండోది.

కథంతా బయటపడడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రభుదాస్ కడుపు పట్టుకుని నవ్వాడు. నిర్మలమ్మ నవ్వలేదు.

"అయితే నీ చిన్నప్పటి ఆశ బోటి కాదు. ఈ పడవ."

ఆమె ముఖం చూసి సుస్మిత, "బోటి గూడా ఇష్టమే అత్తా," అనేసింది.

బోటు మళ్లీ నీళ్ల మధ్యకు పోయేలోగా ఆమె చేతిలోకి ప్లేటు వచ్చింది. అందరి కళ్లూ ఆమె నోటి మీదే. సుస్మిత నీళ్లకేసి తిరిగి ఒక ముక్క తీసుకుంది, ధైర్యం చాలక దాన్ని గాలానికి గుచ్చి మెల్లగా జారవిడిచింది. ఇటు తిరిగి వట్టి నోరు నమిలింది.

"శానా బాగుంది అత్తా."

మాట పూర్తికాకముందే గాలం కర్ర ఆమెను నీళ్లలోకి లాగింది. నిర్మలమ్మ కోడలి నడుం పట్టుకుంది, ఆమెను ప్రభుదాస్ పట్టుకున్నాడు, ఆయన్ని దాసయ్య పట్టుకున్నాడు. అందరూ కలిసి వెనక్కి పడేసరికి, చేతి పొడవు వాలుగ చేప ఒకటి ప్లాస్టిక్ కుర్చీలో వచ్చి కూర్చుంది.

ముజమ్మిల్ ఈల వేశాడు. నిర్మలమ్మ వంగి చేప నోట్లోకి చూసింది. కొక్కెం మీద మసాలాతో సహా ఆమె బోటి ముక్క చెక్కుచెదరకుండా ఉంది.

"దీనికి తెలిసిన రుచి నీకు తెలీకపాయె గదమ్మా."

ఇక చెప్పడానికి ఏ నొప్పీ మిగల్లేదు. సుస్మిత కళ్లు మూసుకుని ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్లు తెరిచింది. ఇంకో ముక్క తీసుకుంది. ఆ తర్వాత ప్లేటే చాపింది.

"మా ప్రొద్దుటూర్లో అయితేనా..." అని మొదలుపెట్టింది.

పందెం ఓడిపోయిన ప్రేమ్ సాగర్ వేళ్ల మీద శనివారాలు లెక్కపెట్టుకున్నాడు.

"...ఇట్లాంటి బోటి జన్మలో దొరకదు అత్తా."

నిర్మలమ్మ చేపను కోడలి చేతిలో పెట్టి ఫోటో తీయించింది. ఆ తర్వాత అందరికీ వినిపించేలా ప్రకటించింది. "రేపు చర్చిలో ఆరాధన అయినాక మళ్లా వస్తాం. బోటు మీరు చూసుకోండి, బోటి నేను చూసుకుంటా."

దాసయ్య ఒకసారి కాళ్ల కింద చూసుకుని, తానూ వస్తానన్నాడు.