వందేళ్ళ బల్లకు మూడు పూతలు

ఆ రోజు కోడలు వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి బజారుకు వెళ్ళి సొరుగులకు ఇత్తడి పిడులు తేవడం, బిగించడం, పన్నెండింటికి వచ్చే ఫోటో స్టూడియో యజమానికి బల్ల అప్పగించడం. అంతే. ఆ ఇంట్లో ఇంత సులువైన పథకం అంతకుముందు ఎవరూ వేసి ఉండరు. అందుకే చెడిందని నా అనుమానం.

ఆ బల్ల వెనక పెద్ద తగువే ఉంది. పాత సామాను కొని, బాగుచేసి, రంగులేసి అమ్ముతానని కోడలు ముందుగదిని ఆక్రమించి మూడు నెలలైంది. సోఫాలు బాల్కనీలో ఎండుతున్నాయి. ఇంటికొచ్చిన చుట్టాలు వంటింట్లో నిలబడి మాట్లాడి వెళ్ళిపోతున్నారు. అత్తగారు చూసి చూసి పోయిన వారం తేల్చి చెప్పేసింది. ఈ మొదటి బేరగాడు బల్ల తీసుకుంటే ముందుగది కోడలిది. వద్దని వెళ్ళిపోతే సాయంత్రానికల్లా సోఫాలు లోపలికి, రంగు డబ్బాలు బయటికి. కోడలు సరేనంది. అనడమైతే అంది గానీ, ఆ వారమంతా ఆవిడకు కంటి మీద కునుకు లేదు.

కోడలికి ఓ అలవాటుంది. పూర్తికాని పని ఎవరికీ చూపించదు. బల్ల మీద ఎప్పుడూ దుప్పటి ముసుగే. స్టూడియో ఆయన అడిగిందేమిటో కూడా ఇంట్లో చెప్పలేదు. ఆయన అడిగింది తాతల నాటి బల్ల, వందేళ్ళు వాడినట్టు కనపడాలి. అందుకని కోడలు నీలంరంగు వేసి, అది ఆరాక, ఆ వేకువనే లేచి అంచులు గీకింది. గొలుసుతో అక్కడక్కడా బాదింది. సన్న మేకుతో కాళ్ళకు పురుగు తొలిచినట్టు చిల్లులు పొడిచింది. చూసుకుంటే ఆవిడకే ముచ్చటేసింది. ముసుగు కప్పేసి, కూనిరాగం తీస్తూ బజారుకు పోయింది.

తొమ్మిదింబావుకు ఆవిడ భర్త ఆఫీసుకు బయల్దేరి, సైకిలును ముందుగదిలోంచి నడిపించాడు. హ్యాండిలుకు దుప్పటి తగులుకుని జారింది. చూస్తే బల్ల అంచు పొడవునా గీతలు, సరిగ్గా బ్రేకు ఎత్తులో! సైకిలు ఇటునుంచి తీసుకెళ్ళొద్దని భార్య రోజూ చెబుతూనే ఉంది. ఆయన రోజూ తీసుకెళ్తూనే ఉన్నాడు. ఇంకేముంది, కొంప మునిగిందనుకున్నాడు. కనపడిన లప్పం తీసుకుని గీతలన్నిటికీ దట్టించి, ఆఫీసు మాట మరిచి రంగుల దుకాణానికి పరిగెత్తాడు. ఏ రకం నీలం కావాలని దుకాణదారు అడిగితే, త్వరగా ఆరే రకం కావాలన్నాడు.

కాసేపటికి అత్తగారు గది ఊడ్వడానికి వచ్చింది. కంగారులో కొడుకు ముసుగు సగమే కప్పి పోయాడు. బల్ల కాళ్ళకు చిల్లులు కనపడ్డాయి. ఆవిడ దృష్టిలో చిల్లంటే పురుగే. ఇవాళ బల్ల తిన్న పురుగు రేపు తలుపులు తినదా, ఎల్లుండి మంచాలు తినదా? కిరోసిన్ డబ్బా తెచ్చి ప్రతి చిల్లులోనూ పోసి, మిగతా బల్లంతా కూడా కిరోసిన్ గుడ్డతో బరబరా తుడిచింది. పురుగు రాలేదు గానీ రంగు వచ్చింది. గాబరాపడి ఇంకా తుడిస్తే ఇంకా వచ్చింది, ఈసారి లప్పంతో సహా.

అప్పుడు పుట్టింది ఆవిడకు అసలు భయం. ముందుగది కోసం పంతం పట్టిన మనిషి, తీరా గడువు రోజున, చేతిలో కిరోసిన్ గుడ్డతో బల్ల పక్కన నిలబడి ఉంది. ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను.

"ఏమండీ, కావాలని చేశానంటుందండీ," అంది మామగారితో.

మామగారు బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు బస్సులకు రంగులేసి రిటైరైన మనిషి. మూడు నెలలుగా ఇంట్లో ఇన్ని రంగులు నడుస్తున్నా ఆయన్ని ఒక్క మాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆ బాధ ఆయనకు లోపల బాగానే ఉంది. బల్లను చుట్టూ తిరిగి చూసి, చొక్కా చేతులు మడిచి, మంచం కింద నుంచి రంగు చిమ్మే యంత్రం బయటికి లాగాడు. అంతలో కొడుకు రంగు డబ్బాతో రొప్పుతూ వచ్చి తల్లినీ తండ్రినీ చూసి డబ్బా వెనక్కి దాచాడు. తల్లీ కొడుకూ ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకున్నారు. పాపం, తప్పు నాదంటే నాదని అంత ప్రేమగా పోట్లాడుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

ఇక చూడాలి ఆ హడావుడి! అత్తగారు కూర్చుని గరుకు కాగితంతో రుద్దుతుంటే పాత రంగు పొడిపొడిగా లేచింది. కొడుకు ప్రతి చిల్లూ మూసేశాడు. మామగారు యంత్రం పట్టుకుని మూడు పూతలు వేశాడు. పూతకూ పూతకూ మధ్య రెండు ఫ్యాన్లు, అత్తగారి విసనకర్ర ఏకధాటిగా పనిచేశాయి. పదకొండున్నరకల్లా బల్ల నిన్న పుట్టినట్టు ధగధగలాడింది. ముగ్గురికీ ఎంత సంతోషమంటే, కోడలు ఎప్పుడొస్తుందా అని గుమ్మంలోనే నిలబడ్డారు.

కోడలు వచ్చింది, చూసింది. చేతిలోని పిడులు జారి కింద పడ్డాయి. "ఇది పాతదిగా కనపడాలని వారం రోజులు చచ్చాను మావయ్యా," అంది. అని కింద కూర్చుని ఏడ్చేసింది.

ముగ్గురిలో ముందుగా తేరుకున్నది అత్తగారే. ఇంకా ఇరవై నిమిషాలుంది, మళ్ళీ పాతది చేసేద్దాం పదమంది. కోడలు గొలుసందుకుంది, భర్త సైకిలు తెచ్చాడు, అత్తగారు తాళాల గుత్తితో గీకింది. మామగారు మాత్రం ససేమిరా అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నిలబడినా, గొలుసు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతూనే ఉన్నాడు. అయితే అది బస్సుకు వేసే చెయ్యి. ఎండకూ వానకూ, ప్రయాణికులకూ తట్టుకునే పూత. ఎంత బాదినా గొలుసు తెగింది గానీ బల్లకు గీత పడలేదు.

సరిగ్గా ఆ సమయంలో స్టూడియో ఆయన భార్యతో సహా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. లోపల ముగ్గురు మనుషులు ఒక కొత్త బల్లను చితకబాదుతున్నారు, నాలుగో ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. తను అడిగింది పాత బల్ల కదా అన్నాడు స్టూడియో ఆయన. కోడలు తలొంచుకుంది. బాల్కనీలోని సోఫాలు ఆవిడ కళ్ళముందు కదులుతూ లోపలికి వచ్చేస్తున్నాయి.

స్టూడియో ఆయన భార్య మాత్రం తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, నున్నటి పైభాగంలో తన ముఖం చూసుకుని, జుట్టు సర్దుకుంది.

"పదేళ్ళనుంచి నేను మొత్తుకుంటున్నది ఇలాంటి దాని కోసమే కదండీ."

"పాతగా కనపడాలని..." అన్నాడాయన.

"పాతగా కనపడటానికి మనిద్దరం చాలమా?" అందావిడ.

దాంతో బేరం కుదిరిపోయింది. బల్లొకటే కాదు, ఇంట్లో ఆయన పోగేసిన తాతల నాటి కుర్చీలు పన్నెండు, బీరువాలు రెండు, అన్నీ రేపే పంపిస్తానని, ఇలాగే తళతళలాడాలని చెప్పి, ఈ రంగు వేసిందెవరని అడిగింది. గోడవైపున్న మామగారు మెల్లగా చెయ్యెత్తాడు. రుద్దింది తనేనని అత్తగారు వెంటనే చెప్పింది.

కోడలికి ఆనందంతో ఏడవాలో, నవ్వాలో తెలియలేదు. అత్తగారికి అలాంటి సందేహాలేవీ లేవు. కొంగు బిగించి, పన్నెండు కుర్చీలు ఆరాలంటే బాల్కనీ కూడా ఖాళీ కావాలనీ, ఆ సోఫాలు ఎవరికైనా ఇచ్చేయమనీ కొడుక్కి పురమాయించింది.

మొత్తానికి కోడలు నెగ్గింది. ప్రస్తుతం ముందుగదిలో ఆవిడ పని, అత్తగారు చెయ్యి చాచినప్పుడు గరుకు కాగితం అందించడం.