రెండు కుర్చీల శాఖ

ఆ ఉదయం ఆ అమ్మాయి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. డిగ్రీలో తత్వశాస్త్రం ప్రధానాంశంగా మూడేళ్లలో ఏ కోర్సు ఎప్పుడు చదవాలో పట్టిక రాసుకుంది. దాని మీద శాఖాధిపతి సంతకం పెట్టించుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. అంతే.

వాళ్ల నాన్నకు టైల్స్ కొట్టు ఉంది. ఆయన దృష్టిలో చదువులు రెండే రకాలు: కామర్సు, కాలక్షేపం.

"తత్వం చదివి ఏం తెలుసుకుంటావు తల్లీ?" అన్నాడు బూట్లు తొడుక్కుంటూ.

"ఏది నిజమో, ఏది కాదో."

"అది మన కొట్లో రెండు వారాలు కూర్చుంటే తెలుస్తుంది. సరే, మాటంటే మాట. అయిదింటిలోపు నీ కాగితం పాసైతే నేనిక నోరెత్తను. కాకపోతే రేపట్నుంచి కామర్సు, సాయంత్రాలు కొట్టు."

"తర్వాత మాట మారిస్తే?"

"నా మాటైనా, నా సంతకమైనా మన సరుకులాంటిదే. గడప దాటితే వాపసు లేదు."

ఆమెకు ఈ తత్వం పిచ్చి పట్టించింది కాలేజీ మాస్టారే. కొత్త పిల్లలకు పరిచయ సభ పెట్టినప్పుడు, "నువ్వు చూసే ఎరుపూ నేను చూసే ఎరుపూ ఒకటేనని ఏమిటి నమ్మకం?" అని అడిగారాయన. మిగతావాళ్లు ఆవులించారు. ఈ పిల్లకు మాత్రం నిద్ర పట్టలేదు. కొట్లో ఎర్ర టైల్స్ కొనడానికి వచ్చినవాళ్లను అదే ప్రశ్న అడిగి రెండు బేరాలు చెడగొట్టింది కూడా.

కాలేజీ ఆఫీసులో హెడ్ క్లర్క్ ఆవిడ పట్టికను పైనుంచి కిందికి చూసింది.

"ఇది పాసవదమ్మాయ్. నీతిశాస్త్రం చదవాలంటే ముందు తర్కం చదివుండాలి. తర్కానికి ముందు జ్ఞానమీమాంస. జ్ఞానమీమాంసకి ముందు నీతిశాస్త్రం. నియమాల పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"అలాగైతే ఎవరూ ఏదీ మొదలుపెట్టలేరు కదా మేడమ్!"

"తొమ్మిదేళ్లుగా ఎవరూ మొదలుపెట్టలేదుగా. అందుకే పుస్తకం తప్పని ఎవరూ అనలేదు."

"మరి దారేమిటి?"

"లెక్చరర్ మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టాలి. శాఖాధిపతి ఒప్పుకుని సంతకం చెయ్యాలి. కాగితం అటెళ్లినా ఇటెళ్లినా నా ముద్ర పడాలి. శాఖాధిపతి నమూనా సంతకం కూడా మా దగ్గర లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు. ఇవాళ వచ్చేదాన్నే జిరాక్సు తీసి రిజిస్టర్లో అంటిస్తా. అయిదు దాటితే మాత్రం నా చేతుల్లో లేదు. పట్టిక ఇవ్వనివాళ్లని కంప్యూటరే కామర్సులో వేసేస్తుంది."

కంప్యూటర్‌కూ నాన్న అభిప్రాయాలే ఉన్నాయన్నమాట.

తత్వశాస్త్ర శాఖ రెండో అంతస్తులో, మెట్ల పక్క గదిలో ఉంది. అందులో లెక్చరర్ ఒకరు, శాఖాధిపతి ఒకరు. ఇద్దరూ ఒకరే, ఆ ఎరుపు మాస్టారే. చిన్న కాలేజీ మరి. కానీ మాస్టారు నిష్ఠాపరులు, ఒక బాధ్యతను ఇంకోదానితో కలపరు. లెక్చరర్‌గా ఉన్నప్పుడు చేతుల్లేని చెక్క కుర్చీలో, శాఖాధిపతిగా ఉన్నప్పుడు బల్లకు అవతల చేతులూ మెత్తా ఉన్న కుర్చీలో కూర్చుంటారు. నియమాల పుస్తకం రాసింది మెత్త కుర్చీలోనే.

సంగతి వినగానే ఆయన జాలిపడి, చెక్క కుర్చీలో కూర్చుని అర్జీ రాశారు. "తెలివైన పిల్ల, దయచేసి మినహాయించగలరు." అమ్మాయి పరుగున కిందికెళ్లి ముద్ర వేయించుకొచ్చింది. మాస్టారు మెత్త కుర్చీలోకి మారి, కళ్లజోడు పెట్టుకుని చదివారు. ముఖం గంభీరమైపోయింది.

"ఈ లెక్చరర్ ఏం రాశాడో చూడు. 'తెలివైన పిల్ల' అట. రుజువేదీ?"

"మాస్టారూ, రాసింది మీరే కదండీ!"

"అందుకే మరింత జాగ్రత్తగా చూడాలి. మనవాడని వదిలేస్తే రేపు నలుగురూ ఏమనుకుంటారు?"

ఎర్ర సిరాతో తిరస్కరించారు. సంతకం పెట్టలేదు, అది ఒప్పుకున్న కాగితానికే. ముద్ర పడింది. తిరిగొచ్చిన కాగితాన్ని చెక్క కుర్చీలో కూర్చుని చదువుకుని, "ఎంత పొగరు! తొమ్మిదేళ్లుగా ఈయన కింద చాకిరీ చేస్తున్నాను, ఒక్క మంచి మాట లేదు" అని నొచ్చుకున్నారు.

రెండో అర్జీ మూడు పేజీలైంది. పై అధికారికి రాసే భాష ఇది కాదని శాఖాధిపతి సంజాయిషీ అడిగారు. లెక్చరర్ ఇచ్చారు. సంజాయిషీ సంతృప్తికరంగా లేదు. మధ్యాహ్నానికి ముద్ర వేసే సిరా అయిపోయింది, కొత్త సీసా తెరిచారు. మూడింటికి హెడ్ క్లర్క్ ఆవిడే పైకొచ్చింది.

"మాస్టారూ, ఈ ఏడు కూడా విద్యార్థి లేకపోతే మీ శాఖ ఎత్తేసి ఈ గదిలో క్రికెట్ సామాను పెడతారట. తెలుసుగా?"

"ఆ ఉత్తరం శాఖాధిపతికి వచ్చి ఉంటుంది," అన్నారు మాస్టారు చెక్క కుర్చీలోంచి. "నాకెందుకు చెప్తారు?"

కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్లను చూశాం. రెండు కొమ్మల మీద కూర్చుని రెండూ నరుక్కునేవారు ఈయనొక్కరే.

నాలుగున్నరకు అమ్మాయి మెట్ల మీద కూలబడింది. ఏడుపొస్తోంది. ఎరుపు సంగతి ఇక ఈ జన్మకు తేలదు, టైల్స్ ధరలు మాత్రం కంఠతా వస్తాయి. తొమ్మిదో అర్జీని మాస్టారే ముద్రకు తీసుకెళ్లారు.

అదే సమయానికి, గెలిచిన ముఖంతో కూతుర్ని తీసుకెళ్లడానికి నాన్న వచ్చాడు. మెట్ల మలుపులో కూర్చున్న ఆమెను, "పోయి ముఖం కడుక్కో తల్లీ, వెళ్దాం" అని పంపేసి, వచ్చేదాకా కూర్చుందామని శాఖ గదిలోకెళ్లి, ఉన్న రెండు కుర్చీల్లో మెత్త ఉన్నదాన్ని ఎంచుకున్నాడు. వ్యాపారస్తుడు కదా.

మాస్టారు తల వంచుకుని లోపలికొచ్చారు. అలవాటు ప్రకారం కాగితాన్ని మెత్త కుర్చీ ముందు పెట్టి, "ఇదే ఆఖరుసారండీ. ఇక మీ దయ" అని కిటికీ వైపు తిరిగిపోయారు. శాఖాధిపతి ముఖం చూడటం ఆయనకు ఇష్టం లేదు.

సరుకు దించినవాడు ముందు పెట్టే చలానాల మీద ఇరవై ఏళ్లుగా చదవకుండా సంతకాలు పెడుతున్న చెయ్యి అది. జేబులోంచి పెన్ను దానంతటదే వచ్చింది.

"ఎక్కడా, ఇక్కడేనా?"

"అక్కడే," అని మాస్టారు ఉలిక్కిపడ్డారు. శాఖాధిపతి తనను ఇంత మర్యాదగా అడగడం ఇదే మొదలు.

ఆయన వెనక్కి తిరిగేలోగా, ముఖం కడుక్కుని గుమ్మంలోకి వచ్చిన అమ్మాయి సంతకం చూసింది, కాగితం లాక్కుంది, దౌడు తీసింది. అయిదుకు నాలుగు నిమిషాలుండగా ముద్ర పడింది. నమూనా సంతకం రిజిస్టర్‌కెక్కింది. అప్పుడు దిగారు పెద్దలిద్దరూ రొప్పుకుంటూ.

"అది చెల్లదు! శాఖాధిపతిని నేను!" అన్నారు మాస్టారు.

"మీ సంతకం దీంతో కలుస్తుందా?" అంది హెడ్ క్లర్క్ ఆవిడ రిజిస్టర్ చూపించి.

"ఎలా కలుస్తుంది?"

"అయితే అభ్యంతరం రాసివ్వండి. శాఖాధిపతి సంతకంతో పంపాలి."

మాస్టారు తీసిన పెన్నును మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"చలానా అనుకున్నానే!" అన్నాడు నాన్న.

"సంతకం నీదే కదా నాన్నా?"

ఆయన రిజిస్టర్ దగ్గరకు లాక్కుని చూశాడు. తనదే. గడప కూడా దాటింది.

"వాపసు లేదు," అన్నాడు నీరసంగా.

అప్పటి నుంచి తత్వశాస్త్ర శాఖ కాగితాలన్నీ సంతకానికి టైల్స్ కొట్టుకే వెళ్తున్నాయి. ఒక్కటీ అభ్యంతరంతో వెనక్కి రాలేదు. శాఖాధిపతి ఈమధ్య బాగా మారారని మాస్టారు కనబడ్డవారికల్లా చెబుతున్నారు.