గౌరవ ప్యాకేజీదారులు

రాతలో తప్పులుంటే మన్నించాలి. అక్షరాలు నా చేతికి ఆలస్యంగా వచ్చాయి. ఒక్కో పేరా దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటాను. మీరూ తీసుకోండి.

“ఇకపై ఈ దేశంలో ఏ సాఫ్ట్‌వేరూ దిక్కులేనిదిగా మిగలదు!” అని రెండు వేల ఆరులో, విశాఖపట్నంలో, గురునాథరావు గారు ప్రకటించారు. సభ చప్పట్లు కొట్టింది. సాఫ్ట్‌వేరు ఏమీ అనలేదు.

ఆయన రిటైరైన పెద్ద ఆఫీసరు. సంఘం మాత్రం జాలరిపేట నీలిమ మొదలుపెట్టింది. ఎవరో ఉచితంగా రాసి వదిలిన ప్రోగ్రాములను అందరి కంప్యూటర్లలోనూ సులువుగా దిగేలా కట్టి పంపడం ఆ సంఘం పని. దాన్నే ప్యాకేజింగ్ అంటారు. చేపను మంచులో సర్ది, బుట్ట కట్టి, సబ్బవరం దాకా చెడకుండా పంపినట్టన్న మాట. జీతం లేదు కాబట్టి మనుషులు నిలవరు. పెద్దాయన పేరు చూసైనా నలుగురు వస్తారని నీలిమే ఆయన్ని అధ్యక్షుణ్ని చేసింది.

వచ్చారు! వచ్చినవారందరికీ ఆయన పదవులిచ్చారు. గౌరవ ప్యాకేజీదారు, ముఖ్య గౌరవ ప్యాకేజీదారు, ఉప ముఖ్య గౌరవ ప్యాకేజీదారు. గౌరవం లేని ప్యాకేజీదారు నీలిమ ఒక్కతే కాబట్టి పనంతా ఆమె చేసేది.

ప్రతి ప్యాకేజీ మీదా ఒక మనిషి పేరుంటుందని ఒకరోజు ఆయనకు తెలిసింది.

“ఎవరి పేరుంది?”

“నాదే సార్.”

“తప్పు కదమ్మా! శిలాఫలకం మీద మేస్త్రీ పేరు వేస్తామా?”

“అది శిలాఫలకం కాదు సార్, బుట్ట మీద పేరు. సరుకు చెడితే ఆ పేరున్న మనిషినే అడుగుతారు. ఇంకొకరు ముట్టుకోకూడదు.”

“అడగనీ! జనం నన్ను వెతుక్కుంటూ రావడం నాకు కొత్తా?”

నీలిమకు ఒళ్లు మండింది. పేర్లన్నీ మార్చేసింది. తెలుగులో టైపు చేసే కీబోర్డు ప్యాకేజీ అధ్యక్షుల వారికి, మిగిలినవి ఎవరి గౌరవాన్ని బట్టి వారికి.

ఇలాంటి ప్యాకేజీలన్నీ కలిపి దేశదేశాలకూ పంపే కొత్త విడుదల దగ్గరపడగానే కీబోర్డు చెడింది. ఒత్తులు పడటం మానేశాయి. నీలిమ దగ్గర సాయంత్రాలు చదువు నేర్చుకునే ఆడవాళ్లలో చేపలమ్మే గంగాలమ్మ ఒకతి. తెర చూసి గుండెలు బాదుకుంది.

“ఏటే నీలీ, నా పేరు ఇరిగిపోనాది! గంగాలమమ అంట! మేకపిల్ల పేరేటి?”

“నాను బాగు సెయ్యకూడదు పిన్నీ. పేరు ఆయనది.”

“బుట్ట ఇచ్చీసి ఇప్పుడు సేపలు నావంటే ఎవులు ఒప్పుతారే?”

నీలిమ తల దించుకుంది. గురునాథరావు గారి సన్మాన సభ రోజే గడువు. ఆ సాయంత్రానికి బాగుచేయకపోతే తెలుగు కీబోర్డును విడుదల నుంచి తీసేస్తారు. దేశదేశాల నుంచి అధ్యక్షుల వారికి ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. ఆయన వాటిని చదవకుండానే ప్రింటు తీయించి, ‘విదేశీ అభినందనలు’ అని పేరుపెట్టి సభలో గోడకు అంటించారు!

ఆయనకు శాలువా కప్పుతుండగా గంగాలమ్మ లేచింది.

“బాబూ, కీబోర్డు నీదేనంట గదా! నా పేరు అతికించి అప్పుడు దండేసుకో!”

“దీనిపై ఉపసంఘం వేస్తాం.”

“ఉపసంగం నాకెందుకు బాబూ, ఒత్తు సాలు!”

సభ గొల్లుమంది. నీలిమ వెళ్లి గోడ మీది అభినందన ఒకటి తెలుగులో చదివి వినిపించింది. “అయ్యా, బాగుచేయండి, లేదా వదులుకోండి. ఈ సాయంత్రమే ఆఖరు.”

గురునాథరావు గారు కండువాతో ముఖం తుడుచుకుని మైకు అందుకున్నారు.

“పదవి నాకు గడ్డిపరక! ఈ క్షణమే త్యాగం చేస్తున్నాను!”

నీలిమ కంప్యూటరులో చూపించిన చోట నొక్కారు. చప్పట్లతో సభ దద్దరిల్లింది. త్యాగానికి ఇంకో శాలువా! అది చూశాక గౌరవ ప్యాకేజీదారులు ఊరుకుంటారా? అందరూ త్యాగానికి క్యూ కట్టారు. శాలువాలు అయిపోతే ఆఖరి త్యాగికి బల్ల మీది గుడ్డ తీసి కప్పారు.

“పరీక్షించడానికి ఎవరైనా ఉంటారా?” అని నీలిమ అడిగింది.

త్యాగులంతా ఉప్మా వైపు నడిచారు. చేపల బుట్టలు గుమ్మం బయట పెట్టి వచ్చిన ఆడవాళ్లు మాత్రం కంప్యూటరు చుట్టూ మూగారు. నీలిమ సరిచేయడం, వీళ్లు నొక్కడం, “ఇంకా పడనేదే!” అని అరవడం. ఉప్మా అయిపోయే వేళకి ఒత్తు పడింది!

ఆ ప్యాకేజీ మీద నీలిమ పేరు మళ్లీ ఎక్కింది. దాని కింద, పరీక్షించినవారు అన్న చోట, ఇంకో పేరు కూడా వేసింది. ఆ పేరే ఈ రాత కింద కూడా పెడుతున్నాను, ఒత్తుతో సహా:

గంగాలమ్మ,
డెబ్బై ఒకటో ఏడు,
ప్రస్తుతం భీమునిపట్నం.