ఇంటర్వెల్ దాకా మనస్తత్వ శాస్త్రం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఎలుగుబంటి కాదు, ఘాట్ రోడ్డు మీద బ్రేకు పడని జీపూ కాదు. మా తోటికోడలు సోని గోడవైపు తిరిగి కూర్చున్నది ఒకరోజు లేచి, ఎవరికీ చెప్పకుండా ఎటో నడిచి వెళ్లిపోతుందేమోనని. కాన్పు అయినప్పటి నుంచీ ఆమె అలాగే ఉంది. బతిమాలితే ఒక ముద్ద తింటుంది. బిడ్డ ఏడిస్తే, అది పక్కింటివాళ్ల బిడ్డ అన్నట్టు చూస్తుంది.

ఈ భయానికి సర్కారు దగ్గర మందు ఉంది. దాని పేరు పాడ్‌కాస్ట్.

మనిషి మనసు లోతు తెలుసుకోవడానికి ఇన్ని వేల ఏళ్లుగా మునులూ వైద్యులూ పడ్డ పాట్లు దండగనీ, హిట్టయిన సినిమాల గురించి ఇద్దరు మనుషులు మైకు ముందు కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుందనీ మనోవికాస శ్రవణ విభాగం నిర్ణయించింది. (మధ్యమధ్యలో ఆ ఇద్దరూ నవ్వుకోవాలి. ఎక్కడ నవ్వాలో మార్గదర్శకాల్లో ఉంది.) సినిమా అందరికీ తెలుసు, మనస్తత్వ శాస్త్రం ఎవరికీ తెలియదు, కాబట్టి తెలిసినదాని వీపు మీద తెలియనిదాన్ని ఎక్కించి కొండమీదికి పంపాలన్నది పథకం ఉద్దేశం.

ఆ విభాగం శ్రవణ పర్యవేక్షకులు సర్వేశ్వరరావు గారు పార్వతీపురం మనిషి. మా దోనెపుట్టు గూడేనికి వచ్చినప్పుడు ఆయన్ని పట్టుకుని అడిగాను.

"సార్, మా సోనికి బాగోలేదు. మనసు డాక్టరమ్మని ఒకసారి పంపండి."

"తప్పకుండా పంపుతాం. ముందు గూడెం అర్హత సాధించాలి. తల్లులందరూ పాడ్‌కాస్టు పూర్తిగా విని, పరీక్ష పాసవ్వాలి."

"జబ్బు సోనికి కదా సార్."

"జబ్బు ఆవిడదేనమ్మా. అర్హత అందరిదీ."

మా అత్త సోములమ్మ చుట్ట పక్కన పెట్టింది. "అంటే ఏటి బాబూ, కాలిరిగినోడికి కట్టు కట్టాలంటే ఊరోళ్లంతా ఎముకల పాఠం సదవాలా?"

"సరిగ్గా పట్టుకున్నావమ్మా" అని ఆయన మెచ్చుకుని, నా ఫోనులో యాప్ ఎక్కించి వెళ్లిపోయారు.

యాప్ చాలా తెలివైనది. ఫోను కదిలితే వినేవాళ్లకు శ్రద్ధ లేదని గ్రహించి ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఊరికి పైన ఉన్న బండ ఎక్కితేనే సిగ్నల్ వస్తుంది. అక్కడ భాగాన్ని ఫోనులోకి దింపుకుని, కిందికి తెచ్చి వినాలి. కిందికొచ్చాక కదలకుండా కూర్చునే ఆడమనిషి మా గూడెంలో ఎక్కడ దొరుకుతుంది? ఒకామె చోళ్లు విసురుతుంది, ఒకామె కాఫీ పళ్లు కోస్తుంది, నా కూతురు వెన్నెల నా చంకలోంచి దిగదు. ఫోను నేల మీద పెడితే కోడి తొక్కింది. ఆ కోడి పుణ్యమాని, హీరో బాల్యాన్ని మేము మొదటి నుంచి మళ్లీ మళ్లీ విన్నాం.

చివరికి మా అత్తే దారి చెప్పింది. "కదలకుండా ఉండేది ఒక్క సోనియే గదే. దాని వొళ్లో పెట్టు."

పెట్టాం. యాప్ ఒక్కసారి కూడా ఆగలేదు. మేమంతా సోని ఇంట్లో చేరి, మా పనులు మేము చేసుకుంటూ చదువుకున్నాం. సోని మాత్రం గోడనే చూస్తూ ఉంది.

చదువు బాగా ఎక్కింది, అందులో అబద్ధం లేదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన నాకే ఎక్కిందంటే అది పాడ్‌కాస్టు గొప్పతనం. అందులో మాట్లాడే హేమలత గారి గొంతు తేనెపట్టు పిండినట్టు ఉండేది. మనలో ఉన్న తప్పు ఎదుటివాళ్లలో కనపడడాన్ని ఆపాదన అంటారని ఆవిడ చెప్పిన సాయంత్రమే, మా అత్త నన్ను బద్ధకస్తురాలని తిట్టబోయి ఆగింది. "వద్దులే. అన్నానంటే అది నాకే సుట్టుకుంటాదట" అంది. కళ్లెదుట ఉన్నదాన్ని లేదనుకోవడం నిరాకరణ. జీపు డ్రైవర్ బుజ్జిబాబు బ్రేకులు బాగానే ఉన్నాయని చెప్పడం నిరాకరణ అనీ, అది విని మేము ఎక్కడం సామూహిక నిరాకరణ అనీ తేల్చుకున్నాం. (ఆ సంగతి జీపు దిగాక తేల్చుకున్నాం.) బాతు గుడ్లు పొదుగుతున్న పెట్టకు అనుబంధ సమస్య ఉందనిపించింది. ఇంత సరదా మా గూడెంలో ఏ పథకమూ తేలేదు.

పరీక్ష వచ్చింది. మొదటి ప్రశ్న: "విలన్ క్రూరత్వానికి మూలం అతని బాల్యంలో ఎక్కడుంది?"

సినిమా అందరికీ తెలుసు కదా అని పాడ్‌కాస్టులో కథ చెప్పలేదు. విలన్ ఎవరు?

ఇక్కడ మా ఊరి రవాణా వ్యవస్థ గురించి కొంచెం చెప్పాలి. పాడేరులో మధ్యాహ్నం ఆట ఇంటర్వెల్‌కు వచ్చేసరికి మా ఊరి ఆఖరి జీపు బయల్దేరుతుంది. బుజ్జిబాబు హాలు బయట హారన్ కొడతాడు, మేము లేస్తాం. తాతల కాలం నుంచీ ఇదే పద్ధతి. కాబట్టి దోనెపుట్టు జనం ఈనాటి వరకూ ఏ సినిమా రెండో సగమూ చూడలేదు. మాకు తెలిసిన సినిమాల్లో ఎవరూ చావలేదు. అందరూ పాటలు పాడుకుంటూ, కొంచెం అనుమానంగా, బాగానే ఉన్నారు. పరీక్షలో అడిగిన సినిమాలో హీరోయిన్ మావయ్య దేవుడిలాంటివాడు, ముసలమ్మకు మందులు తెచ్చి ఇచ్చేవాడు. ఆయనే విలనంటే నమ్మేవాళ్లం కాదు.

పరీక్ష తప్పాం. "గూడెం మొత్తానికి తీవ్ర నిరాకరణ" అని యాప్‌లో ఎర్ర అక్షరాలు వచ్చాయి.

మామూలు రోజుల్లో అయితే ఈ కష్టమే ఉండేది కాదు. లంబసింగి దారిలో ఈతగుంట అని ఒక ఊరుంది. వాళ్ల జీపు పాడేరు చేరేసరికి ఇంటర్వెల్ అయిపోతుంది. అందుకని వాళ్లు రెండో సగాలే చూస్తారు. సోని ఆ ఊరి పిల్ల. మా మరిది భాస్కర్ ఆమెను చేసుకుని తెచ్చినప్పుడు, మా ఊరికి కోడలితోపాటు సినిమాల ముగింపులన్నీ వచ్చాయి. కాఫీ పళ్లు కోసేటప్పుడు బుట్ట నడుముకు కట్టుకుని, "ఇంటర్వెల్ తర్వాత ఏటైందంటే..." అని మొదలెట్టేది. తనే కొట్టేది, తనే కింద పడేది, చచ్చిపోయి మళ్లీ లేచి వచ్చి ఏడ్చేది. మేము పళ్లు కోయడం మానేసి నవ్వేవాళ్లం.

ఆమె దగ్గర కూర్చున్నాను. "సోనీ, ఆ మావయ్య సినిమాలో ఆఖరికి ఏటవుతాది?"

గోడ మీంచి చూపు తిప్పకుండానే అంది. "గుర్తు లేదక్కా."

ఆమెను మాట్లాడించడానికి భాస్కర్ ఊళ్లో లేడు, విజయవాడలో కాంక్రీటు పనిలో ఉన్నాడు. ఇక మిగిలింది సంత. వారం సంతలో ఈతగుంట ఆడవాళ్లను పట్టుకుని కూర్చోబెట్టాం.

"మీ హీరో ఒట్టి రౌడీయే. కనపడ్డోణ్నల్లా తంతాడు" అంది వాళ్లలో పెద్దామె అసిరమ్మ.

"మా హీరో సీమకైనా అపకారం సెయ్యడు. సెల్లెల్ని సైకిలు మీద బడికి దింపుతాడు" అంది మా అత్త.

"ఏ సెల్లెలే? ఆడికి సెల్లెలే లేదు."

రెండు ఊళ్లూ కాసేపు గాఢంగా ఆలోచించాయి. చెల్లెలికి ఇంటర్వెల్‌లో ఏమయిందో ఎవరూ చూడలేదు. ఎలాగో రెండు సగాలూ కలిపి కుట్టి, పరీక్ష పాసయ్యాం.

డాక్టరమ్మకు బదులు హేమలత గారు స్వయంగా వచ్చారు. బుజ్జిబాబు జీపులోంచి దిగి "నమస్తే" అనగానే మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒసే, ఫోన్లోంచి బయటికొచ్చీసింది." ఆవిడ చేతిలో మైకు ఉంది, వెనకాల సర్వేశ్వరరావు గారి చేతిలో శాలువా ఉంది. శాలువా ఎందుకో నాకు అర్థం కాలేదు. నేరుగా సోని ఇంటికి నడిచి, ఆమె భుజాల మీద కప్పారు.

"ఒక్కసారి కూడా కదలకుండా మొత్తం కోర్సు విన్న ఏకైక శ్రోత" అని ప్రకటించారాయన. "ఏకాగ్రత నూటికి నూరు. జిల్లాలోనే ఇంత ప్రశాంతమైన తల్లి లేదని యాప్ చెబుతోంది."

"సార్, మేము డాక్టరమ్మని అడిగింది ఈమె కోసమే."

"ఉత్తమ శ్రోత రోగి కాకూడదమ్మా. నిబంధన ఉంది."

హేమలత గారు మంచి మనిషే. నేల మీద కూర్చుని, మైకు సోని ముందు పెట్టి మెత్తగా అడిగారు. "సోనీ, నీకు నచ్చిన సినిమా గురించి చెప్తావా?"

సోని గోడ మీంచి చూపు తిప్పింది.

"ఇంటర్వెల్ తర్వాత ఏటైందంటే మేడమ్..." అంది, పాత సోనిలాగే. మా అత్త నవ్వబోయింది. "ఆ తల్లి బిడ్డకి పాలిచ్చి పడుకోబెడతాది. తలుపు దగ్గరికేసి, వాగు కాడికి ఎల్తాది. ఎల్లి..."

బయట జీపు హారన్ మోగింది.

హేమలత గారు లేచారు. "చాలా బాగా చెప్తున్నావు. మిగతాది ఇంకోసారి రికార్డు చేద్దాం" అని సోని తల నిమిరి వెళ్లారు. తప్పు ఆవిడది కాదు. ఆఖరి జీపు. సోని మళ్లీ గోడవైపు తిరిగింది. యాప్‌లో డాక్టరమ్మ కోసం పెట్టిన మా దరఖాస్తు పచ్చగా మారింది: "సమస్య పరిష్కరించబడింది."

ఆ వారం సోని అన్నలు వచ్చి, విశ్రాంతికని ఆమెను, బిడ్డను, శాలువాను ఈతగుంట తీసుకెళ్లారు. ఆ ఊళ్లో ఫోను పలకదు. నేను వెళ్దామంటే వెన్నెలకు అమ్మవారు పోసింది. పసిబిడ్డ ఉన్న ఇంటి గడప ఇప్పుడు నేను తొక్కకూడదు.

మొన్న సంతలో అసిరమ్మను అడిగాను, తల్లి వాగు దగ్గరికి వెళ్లేది ఏ సినిమాలో అని. అన్ని రెండో సగాలూ చూసిన మనిషి ఆమె. బాగా ఆలోచించి చెప్పింది. "అలాంటిది ఏ సినిమాలోనూ లేదే."

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మంచు ముందు నిలబడి ఫొటో దిగడానికి మీరు ఎలాగూ లంబసింగి వస్తారు. ఈతగుంట ఆ దారిలోనే. సిల్వర్ ఓక్ చెట్ల వెనక నీలం తలుపు ఇల్లు. ఒకసారి సోనిని చూసి రండి. సినిమాల గురించి అడగొద్దు. పక్కన కూర్చోండి, ఆమె మొదలుపెడితే చివరిదాకా వినండి.

జీపు హారన్ కొడుతుంది. కొట్టనివ్వండి.